రహీం పంతులుగారి పాఠము
1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పును గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును కొనియాడువారు, ఆ కీర్తికి మూలపురుషుఁడు ఒక బడిపంతులని మఱచుట కద్దు. కాచిగూడ మిడిల్ స్కూలు మొదలగు పాఠశాలలలో బోధించిన సయ్యద్ అబ్దుల్ రహీం, శిక్షకుఁడైన పిదపను ఉపాధ్యాయ స్వభావమును విడువలేదు. బాలురకై ఆయన నడపిన పోటీలలో కొన్నిటియందు బంతిని తానే నడిపించుకొని పోవుట నిషిద్ధము. అందిన తక్షణమే తోటివానికి అందింపవలెను. మఱికొన్నిటియందు వాటము లేని కాలితోనే తన్నవలెను. తన నేర్పునే ప్రదర్శింపఁగోరు బాలునికి మొదటి నియమము సహకారమును, బలమైన కాలినే నమ్ముకొన్నవానికి రెండవది ఓర్పును, ఉపన్యాసములతో పనిలేకయే అలవఱచెను. ఆయన శిక్షణముననే భారతజట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాల్గవ స్థానమును, 1962లో జకార్తా ఆసియా క్రీడలయందు స్వర్ణపతకమును సాధించెను. 1963లో ఆయన గతింపఁగా, 1960 ఒలింపిక్ జట్టులోని సభ్యుఁడైన కుమారుఁడు హకీం, కాలక్రమమున తానును శిక్షకుఁడై ఆ విద్యను తరువాతి తరమునకు అందించెను.