బాణమా, బల్లెమా?

నా చిన్నప్పుడు మా సౌకార్‌పేటలో, మింటు వీధి నుంచి చీలే ఒక సందులో, పటాలు కట్టే కొట్టొకటి ఉండేది. వేంకటేశ్వరస్వామి, జైన తీర్థంకరులు, వేళాంగణ్ణి మాత అందరూ ఒకే గోడకు వేలాడేవారు. వారి మధ్య బల్లెం పట్టుకున్న గడ్డపు సాధువొకరు. "ఈయనకు బల్లెమెందుకు?" అని అడిగితే కొట్టాయన, "దాంతోనే గదా మనవాళ్ళు ఆయన్ని చంపింది!" అన్నాడు. ఆ 'మనవాళ్ళు' అన్న మాట నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు.

ఆయన తోమా, క్రీస్తు శిష్యుల్లో ఒకడు. మన ఊళ్ళో శాంథోముకూ, సెయింట్ థామస్ మౌంటుకూ పేరిచ్చినవాడు.

పెద్దయ్యాక ఐరోపా పునరుజ్జీవన కాలపు చిత్రాల గురించి చదివితే ఆ బల్లెం సంగతి కొంత అర్థమయింది. శంఖచక్రాలను బట్టి విష్ణువునూ, త్రిశూలాన్ని బట్టి శివుణ్ణీ మనం పోల్చుకుంటాం. అక్కడ ప్రాణాలర్పించిన పునీతులను హింసించిన సాధనాన్ని బట్టి పోల్చుకుంటారు. సెబాస్టియన్‌కు బాణాలు, కేథరిన్‌కు చక్రం, లారెన్సుకు నిప్పులమీది ఇనుప చట్రం. చిత్రకారులకు ఈ కథలు ఎక్కువగా 13వ శతాబ్దంలో యాకొబస్ ద వొరాజినె కూర్చిన 'స్వర్ణగాథ' నుంచి అందాయి.

తోమాకు రెండు గుర్తులు. ఒకటి మూలమట్టం. గొండొఫారెస్ రాజు మేడ కట్టమని ఇచ్చిన సొమ్మును ఆయన పేదలకు పంచి, మేడ పరలోకంలో లేచిందన్నాడట. రాజుగారి సొమ్ము దైవకార్యానికి ఖర్చుపెట్టి చెరసాల పాలైన మన రామదాసు గుర్తుకు రావడం లేదూ? గొండొఫారెస్ మాత్రం కల్పన కాదు, వాయవ్య భారతంలో అతని నాణేలు దొరికాయి. రెండో గుర్తు బల్లెం. రాజాజ్ఞ మేరకు నలుగురు సైనికులు తోమాను బల్లేలతో పొడిచారని 3వ శతాబ్దపు సిరియాక్ గ్రంథం చెబుతుంది. 'స్వర్ణగాథ'లో చంపినవాడు గుడి పూజారి.

మరి ఈ తీరంలో ఏమని చెప్పుకునేవారు? 1290లలో ఇటు వచ్చిన మార్కో పోలో, మోటుపల్లి రాజ్యాన్నేలిన రాణిని మెచ్చుకున్న ఆ పోలోయే, వేరే కథ రాసుకున్నాడు. తోమా అడవిలో ప్రార్థన చేసుకుంటుంటే చుట్టూ నెమళ్ళు మేస్తున్నాయి. నెమలికి గురిపెట్టిన వేటగాడు ఆయన్ని చూడలేదు. బాణం వచ్చి ఆయనకు తగిలింది. పార్వతి నెమలి రూపంలో శివుణ్ణి కొలిచిందని చెప్పుకునే మయిలాపూరుకు తగిన కథే ఇది. యాత్రికులు ఆ చోటి ఎర్రమట్టిని తీసుకువెళ్ళి జ్వరాలకు మందుగా ఇచ్చేవారనీ పోలో రాశాడు.

బాణం కథలో జరిగింది పొరపాటు, పగ కాదు. అయినా ఆ వేటగాడి కులంవారు సమాధి దగ్గర అడుగు పెట్టలేరని పోలోయే అంటాడు. పొరపాటును కూడా ఒక కులానికి అంటగట్టకుండా వదల్లేదన్నమాట.

తరువాత పోర్చుగీసువారు వచ్చారు. 1523లో శాంథోములో సమాధి తవ్వించినప్పుడు ఎముకలతోపాటు బల్లెం మొన దొరికిందన్నారు. 1547లో కొండమీద పహ్లవీ అక్షరాల రాతి సిలువ బయటపడింది. ఇక బాణం కథ వెనకబడిపోయింది. 1630ల చివర్లో రూబెన్స్ ప్రాగ్ నగరంలోని గుడి కోసం తోమా మరణాన్ని పెద్ద పటంగా చిత్రించాడు. సిలువను పట్టుకున్న వృద్ధుడు, మీదపడి పొడుస్తున్న మనుషులు. రూబెన్స్ ఎన్నడూ ఈ దేశం రాలేదు. ఇంచుమించు అదే సమయంలో, 1639లో, దామెర్ల నాయకులు ఇంగ్లీషువారికి ఇక్కడ చోటిచ్చారు. పరాయివారికి చోటిచ్చిన నాయకులను ఏ ఐరోపా గుడిలోనూ అంత పెద్ద పటంగా గీసినట్టు నేను వినలేదు.

తోమా నిజంగా ఇక్కడ చనిపోయాడా అన్నది చరిత్రకారులు తేల్చని ప్రశ్న. తేలకముందే చంపినవాళ్ళు మాత్రం తేలిపోయారు. కొట్టాయన అబద్ధం చెప్పలేదు. తన చేతికి వచ్చిన పటాన్ని చదివాడు, అంతే.

ఈమధ్య మా మనవడితో మౌంటు ఎక్కాను. 18వ శతాబ్దంలో ఆర్మీనియా వర్తకుడు పెట్రస్ ఉస్కాన్ కట్టించిన మెట్లవి. మన పేట పక్కనున్న అర్మేనియన్ వీధి ఆయన జాతివాళ్ళ పేరు మీదుగా వచ్చిందే. "ఎవరు చంపారు తాతా?" అన్నాడు వాడు. రెండు కథలూ చెప్పాను. "అయితే నెమలికి ఏమయింది?" అని అడిగాడు.

పోలో అది రాయలేదు.