పురిటిల్లు సముద్రము దాటిన విధము: అమెరికాలోని తెలుగు కుటుంబములందు శిశుపోషణము

తొలికాన్పునకు ఆడబిడ్డను పుట్టినింటికి గొనివచ్చుట తెలుగునాట చిరకాలముగా నున్న ఆచారము. సీమంతము జరిపించి కూతురిని తీసికొనివచ్చినది మొదలు, పురుడు వెళ్ళి, బారసాల ముగిసి, మూడవ నెలనో యైదవ నెలనో తల్లీబిడ్డలను అత్తవారింటికి సాగనంపు వఱకు, ఆ యింటి పొయ్యి మొదలు పెరటి నూతి వఱకు సమస్తమును బాలింత యవసరములను అనుసరించియే నడచుచుండెడిది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్థిరపడిన తెలుగు కుటుంబములందు ఈ గమనము తలక్రిందులైనది. కూతురు తల్లి యొద్దకు పోవుటకు మాఱుగా తల్లియే కూతురి యొద్దకు పోవుచున్నది. ప్రవాస శిశుపోషణమునందు కానవచ్చు మార్పులకు ఆధునికతను కారణముగా జూపుట పరిపాటి యైనది గాని, వానిలో పెక్కింటికి ఈ దిశావిపర్యాసమే మూలమని నా యభిప్రాయము.

1965 నాటి వలస చట్టము ఆసియా వాసులకు ద్వారము తెఱచినది. 1990 నాటి చట్టము హెచ్-1బి వీసాను ఏర్పఱచినది. ఆ దశకాంతమునకు హైదరాబాదు నుండియు, కోస్తా పట్టణముల నుండియు వెడలిన యువదంపతులు ఎడిసన్, ఇర్వింగ్, ఫ్రీమాంట్ వంటి యూళ్ళలో కాపురములు పెట్టిరి. అచ్చటి కుటుంబ, వైద్య సెలవుల చట్టము (1993) ప్రసవానంతరము పండ్రెండు వారముల సెలవు నిచ్చును గాని, అది జీతము లేని సెలవు. ఏబదిమందికి తక్కువ పనివారున్న సంస్థలకు వర్తింపదు. కొలువున జేరి యేడాది నిండని తల్లికిని లభింపదు. అమ్మమ్మకు దొరకు బి-2 సందర్శక వీసాపై నివాసపు గడువు సాధారణముగా ఆఱు మాసములు. కాన్పునకు కొన్ని వారములు ముందుగా వచ్చిన యామె, బిడ్డ కైదవ నెల నడచుచుండగానే తిరుగు విమానమెక్కవలసి యుండును. ఆమె పోయిన వెనుక నాయనమ్మ తాతయ్యలు వచ్చుట పెక్కిండ్ల యేర్పాటు. ఇల్లు నిలుపుటకు వచ్చిన స్త్రీని రాజ్యము విహారార్థము వచ్చిన యతిథిగా మాత్రమే లెక్కించుట, ఆమె చేయు సేవకు తగిన గుర్తింపు కానేరదు.

చార్లెస్ సూపర్, సారా హార్క్‌నెస్ అను పరిశోధకులు 1986లో, శిశువు పెరుగు పరిసరము, పెంపకపు టాచారములు, పెంచువారి మనోభావములు అను మూడును కలిసి యొక్క వ్యవస్థగా పనిచేయునని ప్రతిపాదించిరి. మన ప్రసంగమునందు ఆచారమును మనోభావమును అమ్మమ్మతో విమానమెక్కి వచ్చినవి, పరిసరము రాలేదు. ఇంటివద్ద పీటపై కూర్చుండి, కాళ్ళు చాచి, బిడ్డను కాళ్ళపై బోరగిల వేసికొని, నూనె మర్దించి సున్నిపిండితో నలుగు పెట్టి వేడినీళ్ళు పోసిన యామెకు, నేలపై నీరు పోవుటకు తూమైనను లేని స్నానాల గది యెదురగును. తొట్టెలోనికి దిగి కూర్చుండి పోసినగాని ఆ స్నానము సాగదు. సాంబ్రాణి ధూపము వేసిన, పొగను పసిగట్టు యంత్రము మ్రోగును. వాము, శొంఠి, కాయము మాత్రము పెట్టెలో భద్రముగా వచ్చి, బాలింత పథ్యమును నిలబెట్టినవి.

వైద్యునితో వచ్చు పేచీలు ఇంతకంటె సూక్ష్మమైనవి. శిశువులను నిద్రకు బోరగిల పరుండబెట్టరాదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1992లో ప్రకటించినది. వెల్లకిల పరుండబెట్టు విషయమున తెలుగు అమ్మమ్మకు ఆక్షేపణ లేదు. ఆమెకు మింగుడు పడనిది, బిడ్డను తల్లి పక్కలో గాక వేఱు శయ్యపై నుంచవలెనను నియమము; పసికందును అట్లు దూరము చేయుట ఆమెకు నిర్దయగా తోచును. తేనె విషయమున వైద్యుని మాటయే శిరోధార్యము: 1976లో గుర్తింపబడిన శిశు బాట్యులిజమునకు తేనెలోని సూక్ష్మబీజములు కారణము కాగలవు గనుక, ఏడాది నిండు వఱకు దానిని నాకింపరాదు. కాటుకలలో సీసము కలిసి యుండవచ్చుననియు వైద్యులు హెచ్చరింతురు. కారణము సావధానముగా వివరింపబడినచో మన పెద్దలు మాఱుటకు వెనుదీయరు. కేవల నిషేధమే వారిని నొప్పించును. అన్నప్రాశనమున ఉభయులకును అద్భుతమైన పొందిక కలదు. మన సంప్రదాయము ఆఱవ నెల ప్రాంతమున అన్నము ముట్టింపగా, అచ్చటి వైద్యులును ఘనాహారమునకు ఆ కాలమునే నిర్దేశింతురు. అయితే వీసా గడువు వలన ఆ వేడుక నాటికి అమ్మమ్మ తరచుగా స్వదేశమున నుండును.

ఇంతకంటె గణనీయమైన పరిణామము తండ్రి స్థానమునకు సంబంధించినది. పురిటి గది గడప దాటుట కొకప్పుడు అనుమతి లేని పురుషుడు అమెరికాలో ప్రసవ సమయమున భార్య చెంతనే నిలుచును. ఆసుపత్రినుండి బిడ్డను తెచ్చుటకు కారులో శిశుపీఠమును బిగించును. రాత్రులందు గుడ్డలు మార్చును. అమ్మమ్మ వెడలిన పిదప నూనె మర్దన మొదలు జోలపాట వఱకు దంపతులిరువురును చేయవలసినవే గనుక, తల్లినుండి కూతురికి మాత్రమే సంక్రమించుచు వచ్చిన విద్యను ఆమె ఇప్పుడు అల్లునికిని నేర్పుచున్నది. అల్లుని యెదుట నిలిచి మాటాడుటకే సంకోచించిన అత్తగార్ల సంప్రదాయమునందు ఇట్టి గురుశిష్య సంబంధము అపూర్వము. ఆచారములను గ్రంథస్థము చేయు మన పరిశోధకులు పురిటి పద్ధతులకై స్త్రీలను మాత్రమే ప్రశ్నించుట వాడుక. ప్రవాసాంధ్రుల విషయమున తండ్రుల వాఙ్మూలములను గూడ సేకరింపవలసి యున్నది.