గంటస్తంభం, సైకిలు గంట

మా విజయనగరంలో గంటస్తంభం కట్టింది 1885లో. అదే ఏడాది ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిలు తయారుచేశాడు. ఇప్పటి సైకిళ్ళన్నిటికీ అదే తాత. 1888లో ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. బెల్‌ఫాస్ట్‌లో డన్లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. 1713లో కట్టిన కోట చుట్టూ పెరిగిన బజారు మాత్రం వీటన్నిటికంటే పాతది. మనిషి నడకకీ ఎడ్లబండి జోరుకీ పుట్టిన దారి అది.

ఆ దారిలోకి సైకిలు ఎలా ఇమిడిందో మా తాత చెప్పేవాడు. జనం పలచగా ఉంటే గంట కొట్టుకుంటూ పోవడం, చిక్కబడితే దిగి నడిపించుకుపోవడం. మర్చిపోతే ఏ ముసలమ్మో గదమాయించేది: “ఏటి బాబూ, దిగలేవేటి?” అంతే చట్టం. దిగిన క్షణం నుంచీ సైకిలువాడూ పాదచారే.

2023లో హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. సంతోషమే. కానీ ఇరుకు బజారులో అలాంటి దారికి చోటేదీ? ఇక్కడ నడిచేవాళ్ళూ సైకిళ్ళూ ఒకే దారి పంచుకోవాల్సిందే. పంచుకోవడమంటే బలమున్నవాడు నెమ్మదించడం. సైకిలు దిగేది. మోటారుబండి దిగదు. హారన్ కొడుతుంది, మనమే కాలవ గట్టు మీదకి ఎక్కాలి.

గంటస్తంభం దాకా నడిచెళ్ళి కూరలు తెచ్చుకునే మా అమ్మ రెండేళ్ళుగా వెళ్ళడం లేదు. కాళ్ళనొప్పులంటుంది. ఇంట్లో మాత్రం రోజంతా నడుస్తూనే ఉంటుంది.