కారు ఇగ్నిషన్ తాళం: పుట్టుపూర్వోత్తరాలు

తొలినాటి కార్లను స్టార్ట్ చేయడానికి తాళంచెవితో పనిలేదు. ముందువైపు ఇనప హ్యాండిల్ బలంగా తిప్పితే ఇంజన్ అందుకునేది. ఆ హ్యాండిల్ ఎదురు తన్ని చేతులు విరిగినవారు ఎందరో. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్ కార్లలోకి రావడంతో ఆ ప్రమాదం తగ్గుముఖం పట్టింది. అయినా తాళం పని ఇగ్నిషన్‌కు కరెంటు కలపడం వరకే. స్టార్టర్‌కు కాలికింద మరో బటన్ ఉండేది. ఫోర్డ్ మోడల్ టీకి సుమారు రెండు డజన్ల రకాల చెవులే. ఏ నంబరు చెవి పడుతుందో స్విచ్ పలక మీదే ముద్రించి ఉండేది. దాన్ని తాళమనడం కష్టమే.

1949లో క్రైస్లర్ ఇగ్నిషన్, స్టార్టర్ పనులు రెంటినీ ఒకే చెవికి అప్పగించింది. ఆ తర్వాత స్టీరింగ్ లాక్ వచ్చి చేరింది. చెవి తీస్తే ఇంజన్‌తో పాటు స్టీరింగో, బండి కదలికో బిగిసిపోవాలన్న నిబంధన అమెరికాలో 1970లో అమలైంది. జనరల్ మోటార్స్ 1969 మోడళ్లలోనే తాళాన్ని డ్యాష్‌బోర్డు నుంచి స్టీరింగ్ కాలమ్‌కు మార్చింది.

పాత కార్లలో ఇబ్బందులకు మూలం ఇన్ని పనులు ఒకే తాళంలో కలగలవడమే. చెవి దూరే గొట్టం లాంటి బ్యారెల్ లోపల పలుచని ఇత్తడి రేకులు స్ప్రింగుల మీద నిలబడి ఉంటాయి. సరైన చెవి వాటిని ఒక మట్టానికి తెస్తేనే బ్యారెల్ తిరుగుతుంది. ఏళ్ల తరబడి వాడాక చెవీ రేకులూ అరిగి, అటూ ఇటూ కదిపితే గాని తిరగదు. చెవి సులువుగా తిరుగుతున్నా డ్యాష్‌బోర్డు లైట్లు వెలిగి ఆరుతుంటే మాత్రం లోపం బ్యారెల్‌ది కాదు, దాని వెనకనున్న స్విచ్‌ది. స్విచ్ లోపాన్ని తేలిగ్గా తీసుకోరాదు. స్విచ్ బలహీనంగా ఉండి నడుస్తుండగానే ఇంజన్ ఆగి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవడంతో జనరల్ మోటార్స్ 2014లో లక్షల కార్లను వెనక్కి పిలిచింది. 124 మరణాలకు నష్టపరిహారం చెల్లించారు.

బ్యారెల్ మార్చాలంటే ముందు బ్యాటరీ వైరు విప్పాలి. చాలా మోడళ్లలో చెవిని యాక్సెసరీ స్థానానికి తిప్పి, పక్కనున్న సన్నని రంధ్రంలోంచి పిన్నును నొక్కితే బ్యారెల్ బయటికి జారుతుంది. తాళం గూడు మొత్తం మార్చాలంటే శ్రమ ఎక్కువ. దొంగలు విప్పకుండా తల విరిగిపోయే బోల్టులతో బిగిస్తారు కనుక వాటిని డ్రిల్ చేయాలి. కొత్త బ్యారెల్‌లో రేకులను పాత చెవికి సరిపడేలా అమర్చుకుంటే తలుపులకూ అదే చెవి పనికొస్తుంది. 1990ల నుంచి వ్యాపించిన ఇమ్మొబిలైజర్ చిప్ ఉన్న కార్లలో కొత్త చెవి తీసుకుంటే, దాన్ని కారు కంప్యూటర్‌లో నమోదు కూడా చేయించాలి.