జూలై 2023: నేవన్ గని, మన బియ్యం బస్తా

కరోనాతో ప్రపంచ వ్యాపారం తలకిందులైందని అందరం అంటుంటాం. అది మన ఊళ్లో ఎలా కనపడిందో వరుసగా రాసి పెట్టుకోవాలనే ఈ నాలుగు మాటలు.

2020 మార్చి 12న ఐర్లాండ్‌లో స్కూళ్లు మూతపడ్డాయి, 27న ఇంట్లోనే ఉండమన్నారు. ఇండియాకి విమానాలూ ఆగిపోయాయి. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా, అయినవాళ్లు పోయినా కడచూపుకి దారి లేదు. పని పోయినవాళ్లకి ప్రభుత్వం వారానికి 350 యూరోలు ఇచ్చింది.

వలస వెళ్లినవాళ్లు ఇళ్లకి పంపే డబ్బు ఆ ఏడాది 20 శాతం పడిపోతుందని ప్రపంచ బ్యాంకు ఏప్రిల్‌లో అంచనా వేసింది. తీరా తగ్గింది 2 శాతం లోపే. ఇండియాకి సుమారు 8,300 కోట్ల డాలర్లు చేరాయి. ప్రపంచ సరుకుల వ్యాపారం 5 శాతం పైగా పడిపోయినా, మనం పంపే డబ్బు పెద్దగా తగ్గలేదు. ఎందుకంటే ఆస్పత్రులు, కేర్ హోములు, మాంసం ఫ్యాక్టరీలు మూతపడలేదు. అందరూ ఇంట్లో ఉన్నప్పుడు మనం డ్యూటీకి పోయాం.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. 2021లో గిరాకీ ఒక్కసారిగా లేచింది, కంటైనర్లు చాలలేదు, ఓడ కిరాయిలు ఎన్నో రెట్లు పెరిగాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాసు, కరెంటు మండిపోయాయి. ఆపైన జింకు ధర పడింది. యూరప్‌లోకెల్లా పెద్ద జింకు గని మన నేవన్‌లోని టారా గనే. 1977 నుంచి నడుస్తున్న ఆ గని నష్టాలతో 2023 జూలైలో ఆగింది. దాదాపు 650 మందికి పని లేకుండా పోయింది.

అదే నెల 20న ఇండియా బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. వానలు సరిగా పడవేమోనన్న భయం, దేశంలో పెరుగుతున్న ధరలు కారణం. విదేశాల్లో మనవాళ్లు సోనా మసూరి కోసం షాపులకి పరిగెత్తారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరులో పోయింది. గని కూడా ఆ ఏడాది చివర్లో తెరుచుకుంది, కానీ తక్కువ మందితో.

ఇందులో మనకి తేలేది ఒకటే. ధర ఎక్కడో పడితే జీతం ఇక్కడ ఆగుతుంది. అందులోనూ మన పర్మిట్ యజమానితో ముడిపడి ఉంటుంది. 2024 సెప్టెంబరులో వచ్చిన కొత్త చట్టం ప్రకారం మొదటి పర్మిట్ మీద తొమ్మిది నెలలు చేశాక యజమానిని మార్చుకోవచ్చు. మీ పర్మిట్ తేదీ ఈరోజే చూసి రాసిపెట్టుకోండి. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ కూడా ఈ మాట చెప్పండి.