మ్హసవడ్ చెరువు, ఖిల్లారి ఎద్దు, మన మగ్గం



మన కుంభారి నుంచి సంఘం తరఫున మేము కొందరం మ్హసవడ్ వెళ్ళి వచ్చాం. పండరిపురం దాటి పడమటికి పోతే వచ్చే చిన్న ఊరు. సతారా జిల్లా, మాణ్ తాలూకా. సిద్ధనాథుని గుడి, మార్గశిరంలో రథయాత్ర, ఊరికి దగ్గరలో రాజేవాడి చెరువు. రైలు లేదు. పాత బార్సీ లైట్ రైల్వే పండరిపురం, సాంగోలా మీదుగా మిరజ్ పోయింది గాని ఈ ఊరి వైపు రాలేదు. "గొడ్ల ఊర్లో నేతగాళ్ళకు ఏం పని?" అని కొందరు అడిగారు. పని ఉంది, అందుకే ఇంత పొడుగున రాస్తున్నాం.

ముందు చెరువు సంగతి. సహ్యాద్రి కొండలు వానను అటువైపే ఆపేస్తాయి కాబట్టి మాణదేశానికి మిగిలేది తక్కువ. 1876-78 పెద్ద కరువులో ఇంగ్లీషు సర్కారు మాణ్ నదికి అడ్డంగా మట్టికట్ట పని మొదలుపెట్టింది. 1880ల్లో అది పూర్తయింది. ఆ రోజుల్లో కరువు పని కూలి ఎంతో తెలుసా? 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ మాట మీద రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిగా చిల్లర. పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. బొంబాయి రాజ్యంలో వేలమంది కూలీలు ఈ కూలి మాకొద్దని పని వదిలి పోయారు. పుణె సార్వజనిక సభ వాళ్ళ పక్షాన నిలబడింది.

ఆ 1877లోనే మన షోలాపూర్‌లో జూనీ మిల్లు నడవడం మొదలైంది. నిజాం రాజ్యపు పల్లెల నుంచి మన పెద్దలు మగ్గం పని వెతుక్కుంటూ ఈ ఊరికి వచ్చింది ఆ కాలానికి కాస్త ముందూ వెనకా. కరువు ఒకరి చేత చెరువు తవ్వించింది, ఇంకొకరిని ఊరు దాటించింది.

ఇక ఎద్దు. ఖిల్లారి జాతిలో రకాలకు ఊళ్ళ పేర్లే ఉన్నాయి, మ్హసవడ్ ఖిల్లారి, ఆట్పాడి మహల్ ఖిల్లారి అని. తెల్లటి ఒళ్ళు, వెనక్కి వంగి పైకి లేచిన పొడుగు కొమ్ములు, గట్టి గిట్టలు, వేగంగా నడిచే కాళ్ళు. మైసూరు అమృతమహల్ జాతికి చుట్టమని పశుశాస్త్రం తెలిసినవాళ్ళు చెప్తారు. ట్రాక్టర్ వచ్చాక దున్నకానికి అడిగేవాడు తగ్గాడు. బండి పందాలే దీనికి గిరాకీ నిలబెట్టాయి. 2014లో సుప్రీంకోర్టు ఆ పందాలను ఆపింది. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం, జల్లికట్టు మాట చిన్నప్పటి నుంచీ ఎరుగుదుం. రెండింటినీ ఆపింది ఆ ఒక్క తీర్పే. 2023 మే నెలలో రాజ్యాంగ ధర్మాసనం రెండు రాష్ట్రాల చట్టాలనూ సరేనంది.

ఆ నేల మీద గొర్రెలు కాచే ధన్‌గర్లు కూడా ఉన్నారు. వ్యంకటేశ్ మాడ్గుళ్‌కర్ 'బనగరవాడి' నవల వాళ్ళ గురించే. దక్కనీ గొర్రె ఉన్నితో అక్కడ నేసేది ఘోంగడీ. మన తెలంగాణలో కురుమలు నేసేది గొంగడి. తమిళంలో కంబళి అంటారు. నేతగాడికి అక్కడ చుట్టరికం ఉందని చెప్పడానికి ఇంకేం కావాలి?

ఇప్పుడు అసలు మాట. కరువు వస్తే రైతు ముందు అమ్మేది పశువును. మేత లేదు, నీళ్ళు లేవు, ఎవడో వచ్చి సగం ధరకు తోలుకుపోతాడు. మరుసటి ఏడు వాన కురుస్తుంది, కాని ఆ ఎద్దు తిరిగి రాదు. తరాలుగా ఏరి పెంచిన వంశం అక్కడితో సరి.

2012 కరువులో మ్హసవడ్‌లో మాణదేశీ సంస్థ ఛావణీ పెట్టింది, అంటే పశువుల శిబిరం. అది 1997లో ఆడవాళ్ళ సహకార బ్యాంకు పెట్టిన చేతనా సిన్హా గారి సంస్థ. మేత, నీళ్ళు బయటి నుంచి లారీల్లో వచ్చాయి. వేల పశువులు అక్కడే నిలిచాయి. రైతులు కుటుంబాలతో వాటి పక్కనే మకాం పెట్టారు. 1877లో సర్కారు మనిషి ప్రాణం నిలిచేంత గింజలు తూచి ఇచ్చింది. ఈ ఛావణీలో మనిషితో పాటు వాడి బతుకుదెరువు కూడా నిలిచింది. రెండింటికీ తేడా అదే.

మన దగ్గర జరిగేది ఏమిటి? మందీ వస్తే కార్ఖానాదారు మగ్గాలను తుక్కు కింద తూకానికి అమ్ముతాడు. చద్దర్‌కు, టవల్‌కు గిరాకీ మళ్ళీ వస్తుంది, మగ్గం రాదు. పని పోయిన మనిషి వాచ్‌మన్ అవుతాడు, వాడి కొడుక్కి పోగు అతకడం రాదు. ఆలోపు ఇల్లు గడిచేది ఆడవాళ్ళు చుట్టే బీడీల మీద. మన కుంభారి ఘర్‌కుల్‌లో ఈ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

అందుకని సంఘం ముందు ఒక్క మాట పెడుతున్నాం. సంఘంలో పెళ్ళిళ్ళకు చందా వేస్తాం, గుడికి వేస్తాం. మందీ నెలల కోసం కూడా ఒక నిధి పెడదాం. మగ్గం అమ్మబోయేవాడికి కరెంటు బిల్లు, కార్మికుడికి సగం కూలి అప్పుగా ఇద్దాం. వడ్డీ వద్దు. ఊరికే ఇవ్వడమూ వద్దు, గిరాకీ వచ్చాక తిరిగి కట్టాలి. లెక్క రాయడానికి మేము ఉన్నాం, రైల్వేలో జీవితమంతా చేసింది ఆ పనే. వచ్చే మీటింగులో ఈ విషయం పెట్టండి. వద్దనేవాళ్ళు కూడా వచ్చి ఎందుకు వద్దో చెప్పండి.