ఫారము కాంపొనెంట్లు (వెబ్ ఫ్రేమ్‌వర్కులు)

ఫారము కాంపొనెంటు అనగా వెబ్ పేజీలో పేరు, చిరునామా, తేదీ వంటి వివరములు నింపుటకు గడులను తయారుచేసి, నింపిన వివరములను సరిచూచి, తప్పులున్నచో తెలియజేయు ప్రోగ్రాము భాగము. జాంగో, రూబీ ఆన్ రెయిల్స్, సింఫనీ వంటి వెబ్ ఫ్రేమ్‌వర్కులలో ఇవి సిద్ధముగా లభించును. వీటి రూపకల్పనలో ముఖ్యమైన చిక్కు సరళతకు, వెసులుబాటుకు మధ్య పొత్తు కుదుర్చుట. రెండు పంక్తులలో ఫారము తయారైనచో కొత్తవారికి సులభము. కాని స్థానిక అవసరమును బట్టి దానిని మార్చుట కష్టము. అన్నిటినీ మార్చుకొనుటకు వీలిచ్చినచో నేర్చుకొనుటయే భారమగును.

== నేపథ్యము ==
ఫారములు 1995లో వెలువడిన హెచ్.టి.ఎం.ఎల్. 2.0 ప్రమాణములో చోటు చేసుకున్నవి. తొలి రోజులలో ప్రతి గడిని ప్రోగ్రామరు చేతితో వ్రాయవలసి వచ్చేది. ఒక గడిలో తప్పు దొర్లినప్పుడు మిగిలిన గడులలో నింపినది చెరిగిపోకుండ తిరిగి చూపుట ఇందులో విసుగు పుట్టించు పని. ఫ్రేమ్‌వర్కులు మొదట తీర్చినది ఈ బాధనే.

2005లో విడుదలైన జాంగోలో మొదటి ఫారము పద్ధతి ఎక్కువ కాలము నిలువలేదు. 2007లో 'న్యూఫార్మ్స్' పేరుతో వచ్చిన కొత్త పద్ధతియే 2008 నాటి 1.0 కూర్పులో స్థిరపడినది. దీని మూలసూత్రము 'ఫీల్డు'ను, 'విడ్జెట్టు'ను వేరుచేయుట. వివరము సరియైనదా కాదా అని చూచుట ఫీల్డు పని; తెరపై ఎట్లు కనబడవలెనో చూచుట విడ్జెట్టు పని. కావున ఒకే తేదీ ఫీల్డును ఒక పేజీలో ఖాళీ గడిగాను, మరొక పేజీలో రోజు, నెల, సంవత్సరము అను మూడు జాబితాలుగాను చూపవచ్చును. ఇది మంచి విభజన. అయితే ఫారమంతటినీ ఒక్క మాటతో ముద్రించుట సులభమే గాని, అమరికలో స్వల్పమైన మార్పు కావలసినచో లేబులు, గడి, సూచన, తప్పు సందేశము విడివిడిగా వ్రాయవలసి వచ్చేది. ఒక్కొక్క ఫీల్డుకు చెందిన వీటన్నిటినీ ఒక కట్టగా చూపు వీలు 2023 డిసెంబరులో 5.0 కూర్పుతో వచ్చినది.

రెయిల్స్ లో రెండుగా ఉండిన ఫారము సహాయకములను 2017లో ఒక్కటిగా కలిపినారు. సింఫనీ వెసులుబాటు వైపు మొగ్గినది. దాని శక్తి గొప్పదే, కాని కొత్తవారు తడబడునది కూడ అక్కడనే.

== పేర్ల గడి ==
తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వచ్చును. వినుకొండలో 1895లో జన్మించిన కవి గుఱ్ఱం జాషువా పేరును 'మొదటి పేరు, చివరి పేరు' అను రెండు గడులలో వరుసగా నింపినచో ఇంటిపేరే అసలు పేరగును. రెండవ గడి తప్పనిసరి అయినచో, కాగితములలో ఒకే పేరు గలవారు దరఖాస్తును ముగించలేరు. హాల్ టికెట్టులో ఒక విధముగా, ఆధార్ కార్డులో మరొక విధముగా పేరున్న విద్యార్థికి ఇది చిన్న విషయము కాదు. సాధ్యమైన చోట పూర్తి పేరుకు ఒకే గడి ఉంచుట మేలని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియము సూచించినది. ఇక్కడ సరళమైనదే వెసులుబాటు గలది కూడ.

లిపి విషయము మరింత చిత్రమైనది. పైథాన్ భాషలో 'అన్నియు అక్షరములేనా' అని సరిచూచు సాధనము 'రమ'ను అంగీకరించి 'రాము'ను తిరస్కరించును. గుణింతపు గుర్తులను యూనికోడ్ అక్షరములుగా గాక చిహ్నములుగా వర్గీకరించుటయే కారణము. అట్లే కంటికి రెండక్షరములుగా కనబడు 'లక్ష్మి' యూనికోడ్‌లో 7 సంకేతములు, యు.టి.ఎఫ్.-8లో 21 బైట్లు. పొడవుకు పరిమితి విధించునప్పుడు ఈ లెక్క గమనింపవలెను.

== జిల్లా, మండలముల జాబితా ==
2022 ఏప్రిల్ 4న ఆంధ్ర ప్రదేశ్ జిల్లాలు 13 నుండి 26 అయినవి. అంతవరకు గుంటూరు జిల్లాలో ఉండిన నరసరావుపేట, మాచర్ల, గురజాల కొత్త పల్నాడు జిల్లాలో చేరినవి. నరసరావుపేట జిల్లా కేంద్రమైనది. జిల్లాల పేర్లను ప్రోగ్రాములోనే వ్రాసిన ఫారమునకు ఇట్టి మార్పు వచ్చినప్పుడు ప్రోగ్రామరు చేయి తప్పదు. జాబితా డేటాబేసు పట్టికలో ఉన్నచో కార్యాలయపు ఉద్యోగియే సవరింపగలడు. ప్రారంభములో ఒక పట్టిక ఎక్కువైనను ఈ వెసులుబాటు ఖర్చు దండుగ కాదు.

పాత దరఖాస్తులతో వేరొక చిక్కు కలదు. 2022కు ముందు 'గుంటూరు జిల్లా, మాచర్ల మండలము' అని భద్రపరచిన దరఖాస్తును తిరిగి తెరచినప్పుడు గుంటూరు ఇప్పటికీ ఉన్న జిల్లాయే, మాచర్ల ఉన్న మండలమే. విడివిడిగా రెండు గడులును సరియైనవే, జంట మాత్రము చెల్లదు. ఫీల్డులను ఒక్కొక్కటిగా సరిచూచు సరళమైన పద్ధతి దీనిని పట్టుకొనలేదు. ఇందుకై జాంగోలో ఫారమంతటినీ కలిపి సరిచూచు 'క్లీన్' అను పద్ధతి ఉన్నది. పాత దరఖాస్తును తప్పుగా ఎంచి తోసివేయవలెనో, దరఖాస్తు తేదీని బట్టి అంగీకరింపవలెనో ఫ్రేమ్‌వర్కు నిర్ణయింపజాలదు. ఆ నియమమును వ్రాయుటకు చోటు మాత్రమే ఇయ్యగలదు.